నానోపదార్థాలు: బ్యాటరీలు, ఉత్ప్రేరకాలు, సెన్సర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రంగంలో పరిశోధనకు కొత్తగా చేరినవాళ్లు, వార్తల్లో ఏదో చదివి ఆసక్తి పుట్టినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. వరుసగా చదవక్కర్లేదు, కావలసిన చోటికి వెళ్లిపోవచ్చు. కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి, అక్కడ చెప్పాల్సింది ఎక్కువ కాబట్టి.

నానోపదార్థం అంటే ఎంత చిన్నది?

పొడవు, వెడల్పు, మందం అనే మూడు కొలతల్లో కనీసం ఒకటి 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటే నానోపదార్థం అంటారు. నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లవ వంతు. బంగారం పరమాణువు వ్యాసం సుమారు 0.29 నానోమీటర్లు. అంటే 3 నానోమీటర్ల బంగారు కణానికి అడ్డంగా పది పరమాణువులు పేర్చితే సరిపోతుంది. 100 అనేది సౌకర్యం కోసం పెట్టుకున్న అంకె. 99 దగ్గర ఏదో అద్భుతం జరిగి 101 దగ్గర ఆగిపోదు.

చిన్నదైనంత మాత్రాన గుణాలు ఎందుకు మారాలి?

రెండు కారణాలు. మొదటిది ఉపరితలం. ఒక సెంటీమీటర్ భుజం ఉన్న ఘనాన్ని తీసుకోండి, దాని ఉపరితలం మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక్కో నానోమీటర్ భుజం ఉన్న ఘనాలుగా కోసేస్తే ఉపరితలం 6,000 చదరపు మీటర్లకు చేరుతుంది. పదార్థం ఒక్క మిల్లీగ్రాము కూడా పెరగలేదు. 3 నానోమీటర్ల లోహకణంలో దాదాపు 40 శాతం పరమాణువులు పైభాగంలోనే ఉంటాయి. లోపలి పరమాణువుకు చుట్టూ పొరుగువాళ్లు నిండుగా ఉంటారు. పైనున్న దానికి ఒకవైపు ఖాళీ, అందుకే వచ్చిన అణువునల్లా పట్టుకోవడానికి చూస్తుంది. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, కొద్ది నానోమీటర్ల బంగారు కణాలు అంతకంటే వందల డిగ్రీలు తక్కువలోనే కరిగిపోతాయి. అదీ ఈ పై పరమాణువుల పనే.

రెండోది క్వాంటమ్ ప్రభావం. సెమీకండక్టర్ కణం బాగా చిన్నదైతే లోపలి ఎలక్ట్రాన్‌కు తిరగడానికి చోటు చాలదు, దాని శక్తి స్థాయిలు మారిపోతాయి. అందుకే ఒకే పదార్థం సైజును బట్టి వేరే వేరే రంగుల్లో వెలుగుతుంది. 2023 రసాయన నోబెల్ క్వాంటమ్ డాట్ల (ఇలాంటి అతిచిన్న సెమీకండక్టర్ కణాల) మీద పనిచేసిన బావెండి, బ్రస్, ఎకిమోవ్‌లకు వచ్చింది ఇందుకే. అయితే ఈ పేజీలో మాట్లాడుకునే వాటిలో ఎక్కువ భాగానికి మొదటి కారణమే ముఖ్యం.

శక్తి నిల్వ, ఉత్ప్రేరణ, సెన్సింగ్: ఈ మూడింటినీ ఒకే ల్యాబ్‌లో ఎందుకు కలిపేస్తారు?

మూడింట్లోనూ అసలు పని ఉపరితలం మీదే జరుగుతుంది కాబట్టి. అయాన్ వచ్చి అతుక్కుంటే నిల్వ. అణువు వచ్చి, మారి, వెళ్లిపోతే ఉత్ప్రేరణ. అణువు వచ్చినట్టు కరెంటులోనో రంగులోనో తేడా కనిపిస్తే సెన్సర్. తయారీ పద్ధతులూ పరికరాలూ కూడా దాదాపు ఒకటే.

ఇంకో కారణం కూడా ఉంది, ఎవరూ పైకి చెప్పరు. ఒకే కోబాల్ట్ ఆక్సైడ్ పౌడర్‌ను సూపర్ కెపాసిటర్‌గా, ఆక్సిజన్ ఉత్ప్రేరకంగా, గ్లూకోజ్ సెన్సర్‌గా పరీక్షించి మూడు పేపర్లు రాసుకోవచ్చు. అలా రాసిన ప్రతిదీ పనికిరానిది అనను గానీ, అన్నింటికీ బాగా పనిచేస్తుందని చెప్పే పదార్థం దేనికీ మార్కెట్ దాకా వచ్చినట్టు కనిపించదు.

ఇదంతా ఈమధ్య పుట్టిన విషయమా?

కాదు. మైకేల్ ఫారడే 1857లో బంగారు లవణం నుంచి ఎర్రని ద్రావణం చేసి, ఆ ఎరుపుకు కారణం కంటికి కనిపించనంత చిన్న బంగారు కణాలేనని చెప్పాడు. ఆయన సీసాలు కొన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. టైర్లలో కలిపే కార్బన్ బ్లాక్, కార్ల పొగగొట్టాల్లోని ప్లాటినం, పల్లాడియం, రోడియం కణాలు అన్నీ నానోపదార్థాలే, ఆ పేరు ఫ్యాషన్ కాకముందు నుంచే. కొత్తగా వచ్చింది వాటిని చూడగలగడం, సైజును అదుపులో పెట్టగలగడం.

ల్యాబ్‌లో వీటిని ఎలా తయారుచేస్తారు?

పెద్దదాన్ని నూరి చిన్నది చేయడం ఒక దారి, పరమాణువుల నుంచి పెంచుకుంటూ రావడం ఇంకో దారి. రెండో దానిలో అందరూ మొదట నేర్చుకునేది 1951లో టర్కెవిచ్ బృందం వివరించిన బంగారం పద్ధతి. బాగా పలచని బంగారు క్లోరైడ్ ద్రావణాన్ని మరిగిస్తూ, మ్యాగ్నెట్‌తో తిప్పుతూ, సోడియం సిట్రేట్ ద్రావణాన్ని ఒక్కసారిగా పోస్తారు. లేత పసుపు పోయి కాసేపు రంగే లేకుండా ఉంటుంది. తర్వాత బూడిద కలిసిన నీలం, ఆపైన ఊదా, చివరికి కెంపు ఎరుపు. 15 నుంచి 20 నానోమీటర్ల కణాలు తయారైనట్టు లెక్క. స్పెక్ట్రోమీటర్‌లో పెడితే 520 నానోమీటర్ల దగ్గర శిఖరం కనిపిస్తుంది.

చదవడానికి వంటకంలా తేలిగ్గా ఉంటుంది. తేడా వచ్చేది గ్లాస్‌వేర్ దగ్గర. పాత ప్రయోగం తాలూకు మరక బీకర్ గోడకు కాస్త మిగిలినా కణాలు అక్కడే పెరగడం మొదలుపెట్టి, ఎరుపు బదులు మురికి ఊదా రంగు వస్తుంది. అందుకే ముందు ద్రవరాజంతో కడుగుతారు, అంటే మూడు వంతుల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఒక వంతు గాఢ నైట్రిక్ ఆమ్లం. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే అర) లేకుండా దాని జోలికి వెళ్లకూడదు, మిగిలిందాన్ని మూత బిగించి దాచకూడదు. వాయువులు ఊరి సీసా పగులుతుంది.

ఆక్సైడ్లకైతే హైడ్రోథర్మల్ పద్ధతి ఎక్కువ. టెఫ్లాన్ లోపలిపొర ఉన్న స్టీలు ఆటోక్లేవ్‌లో లవణాల ద్రావణం పోసి, బిగించి, 120 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచుతారు. పూర్తిగా చల్లారాకే తెరవాలి. తొందర ఎక్కువైనప్పుడు ఈ రూలే మొదట గాలికిపోతుంది.

బ్యాటరీలో నానో అసలు ఏం చేస్తుంది?

రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. గుడెనఫ్ బృందం 1997లో దీన్ని కాథోడ్ (బ్యాటరీ ధన ధ్రువం) పదార్థంగా ప్రకటించింది. చవక, సురక్షితం, గ్రాముకు 170 మిల్లీఆంపియర్-అవర్ల సైద్ధాంతిక సామర్థ్యం. చిక్కల్లా ఒకటే, కరెంటును దాదాపు పోనివ్వదు. పైగా లిథియం అయాన్లు దీనిలో ఒకే దిశలో సాగే సన్నని సొరంగాల గుండా వెళ్లాలి. మధ్యలో ఎక్కడ పరమాణువు తప్పు చోట కూర్చున్నా ఆ సొరంగం మూసుకుపోయినట్టే. పరిష్కారంగా కణాలను వంద నానోమీటర్ల స్థాయికి తెచ్చి, వాటిమీద పలచని కార్బన్ పూత వేశారు. అయాన్ ప్రయాణానికి పట్టే సమయం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. మైక్రోమీటరు కణాన్ని పదో వంతుకు తగ్గిస్తే సమయం వందో వంతుకు పడిపోతుంది. పనికిరాదనుకున్న పదార్థం ఇప్పుడు విద్యుత్ వాహనాల్లో, గ్రిడ్ నిల్వ కేంద్రాల్లో విస్తారంగా వాడుకలో ఉంది. నానో అనే మాటకు న్యాయం చేసిన కథ ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే ముందు నిలుస్తుంది. వార్తల్లో దీని పేరు పెద్దగా వినపడదు.

రెండోది సిలికాన్ ఆనోడ్, అంటే బ్యాటరీ రుణ ధ్రువం. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీఆంపియర్-అవర్లు పట్టుకుంటే సిలికాన్ సుమారు 3,600 పట్టుకోగలదు. కానీ లిథియం నిండేసరికి ఘనపరిమాణం దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది, ఖాళీ అయితే మళ్లీ కుదించుకుపోతుంది. కొన్ని సైకిళ్లకే (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) కణాలు పగిలి పొడి అవుతాయి. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యీ క్వీ బృందం సిలికాన్ నానోవైర్లతో దీన్ని తట్టుకోవచ్చని చూపింది. సుమారు 150 నానోమీటర్ల లోపు సిలికాన్ కణాలు ఉబ్బినా పగలవని తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లోపలే లిథియం ఎక్కిస్తూ చేసిన ప్రయోగాల్లో తేలింది.

మరి సిలికాన్ బ్యాటరీలే అన్నిచోట్లా ఎందుకు లేవు?

పగలకుండా ఉండటం ఒక్కటే సరిపోదు కాబట్టి. ఆనోడ్ మీద ఎలక్ట్రోలైట్, అంటే అయాన్లను మోసే ద్రవం, విచ్ఛిన్నమై ఒక రక్షణ పొర కడుతుంది, దీన్ని ఎస్‌ఈఐ అంటారు. ఈ పొర కట్టడానికి కొంత లిథియం ఖర్చవుతుంది, అది తిరిగి రాదు. ఉపరితలం ఎంత ఎక్కువైతే ఖర్చు అంత ఎక్కువ. సిలికాన్ ఉబ్బి తగ్గినప్పుడల్లా పొర చిరుగుతుంది, కొత్తది కట్టాలి, మళ్లీ లిథియం పోతుంది. మనం కోరి పెంచుకున్న ఉపరితలమే ఇక్కడ బ్యాటరీని తినేస్తుంది.

దీన్ని అంకెల్లో చూస్తే తీవ్రత తెలుస్తుంది. ప్రతి సైకిల్లో ఎక్కించిన లిథియంలో 99.5 శాతం తిరిగి వస్తోంది అనుకుందాం. వినడానికి బాగానే ఉంది. 500 సైకిళ్ల తర్వాత మిగిలేది 8 శాతమే. 99.9 శాతం అయితే 60 శాతం. 95 శాతం మిగలాలంటే ప్రతిసారీ 99.99 కావాలి. పేపర్లో గ్రాఫ్ మీద ఈ మూడూ ఒకే గీతలా కనిపిస్తాయి, ఎందుకంటే నిలువు అక్షం 0 నుంచి 100 దాకా గీస్తారు. సగం సెల్‌తో, అంటే ఎదుట లిథియం లోహపు బిళ్ల పెట్టి పరీక్షిస్తే ఈ నష్టం బయటపడదు. ఆ బిళ్లలో లిథియం కావలసినంత ఉంటుంది, పోయిన దాన్ని అదే భర్తీ చేస్తూ పోతుంది.

అందుకే ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా కనిపించేది గ్రాఫైట్‌లో కొద్ది శాతం సిలికాన్‌ను గానీ సిలికాన్ ఆక్సైడ్‌ను గానీ కలిపిన ఆనోడ్. రాజీ మార్గమే, అయినా లాభం ఉంది.

“ఐదు నిమిషాల్లో ఫుల్ చార్జ్” అన్న వార్తలను నమ్మొచ్చా?

ఎలక్ట్రోడ్ ఎంత మందంగా ఉందో అడగండి. ల్యాబ్‌లో చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము పదార్థం పూసి పరీక్షిస్తే ఏదైనా వేగంగానే చార్జ్ అవుతుంది. అమ్మే బ్యాటరీల్లో ఆ పూత సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాములు ఉంటుంది. పలచని పూత వేస్తే రాగి రేకు, అల్యూమినియం రేకు, సెపరేటర్ (రెండు ధ్రువాల మధ్య పొర), ఎలక్ట్రోలైట్ బరువు ఎక్కువై, శక్తి దాచే పదార్థం తక్కువ అవుతుంది. ఇక మందం పూతలో గ్రాఫైట్‌కు తొందరగా చార్జ్ పెడితే లిథియం లోపలికి వెళ్లలేక పైనే లోహంగా పేరుకుంటుంది. అది ముళ్లలా పెరిగితే షార్ట్ సర్క్యూట్.

సూపర్ కెపాసిటర్లు బ్యాటరీల స్థానంలోకి వస్తాయా?

రావు. రెండూ చేసే పని వేరు. సూపర్ కెపాసిటర్‌లో అయాన్లు కార్బన్ రంధ్రాల గోడలకు అతుక్కుంటాయి, రసాయన చర్య ఉండదు. అందుకే సెకన్లలో చార్జ్ అవుతుంది, లక్షల సైకిళ్లు నడుస్తుంది. కానీ కిలోకు 5 నుంచి 10 వాట్-అవర్లే దాస్తుంది, లిథియం అయాన్ సెల్ 150 నుంచి 300 దాకా. బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తిని పట్టి, బండి కదిలేటప్పుడు తిరిగిచ్చే చోట దీనికి సాటి లేదు.

ఈ రంగంలో నాకు చిరాకు తెప్పించే అలవాటు ఒకటుంది. నికెల్, కోబాల్ట్ హైడ్రాక్సైడ్లు క్షార ద్రావణంలో బ్యాటరీలాగే పనిచేస్తాయి, సీవీ గ్రాఫ్‌లో (వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచి గీసేది) రెండు శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. అయినా వాటి సామర్థ్యాన్ని ఫారడ్లలో లెక్కగట్టి “గ్రాముకు రెండు వేల ఫారడ్ల సూపర్ కెపాసిటర్” అని రాసేస్తారు. వోల్టేజీతో పాటు సమంగా మారని చార్జ్‌ను ఒక్క ఫారడ్ అంకెలో చెప్పడానికి అర్థమే లేదు, కూలంబుల్లోనో మిల్లీఆంపియర్-అవర్లలోనో చెప్పాలి. పైగా వీటిని పూసే నికెల్ ఫోమ్ కూడా అదే ద్రావణంలో చార్జ్ పట్టుకుంటుంది. ఖాళీ ఫోమ్‌ను విడిగా పరీక్షించారా లేదా అని చూడటం మర్చిపోకండి.

వోల్టేజీ మాటకొస్తే, దాచే శక్తి దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నీటి ఎలక్ట్రోలైట్‌లో ఒక వోల్టుకు అటూ ఇటూ ఆగిపోవాలి, సేంద్రియ ద్రావణంలో 2.7 దాకా వెళ్లొచ్చు. అంటే ఒక్క ఎలక్ట్రోలైట్ మార్పుతో ఏడు రెట్లు. కొత్త నానోపదార్థం కోసం ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చుకునే లాభం ఇంత ఉండదు.

గ్రాఫీన్ ఏమైంది?

బతికే ఉంది, ప్రచారం తగ్గిందంతే. మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్ 2004లో గమ్ టేపుతో గ్రాఫైట్ పొరలు ఒలిచి దీన్ని వేరుచేశారు, 2010లో భౌతిక నోబెల్ వచ్చింది. గ్రాముకు 2,630 చదరపు మీటర్లు దీని సైద్ధాంతిక ఉపరితలం. పొరలు ఆరబెట్టగానే ఒకదానిమీద ఒకటి అతుక్కుపోతాయి కాబట్టి నిజంగా దొరికేది అందులో చిన్న భాగం. చవకగా దొరికే యాక్టివేటెడ్ కార్బన్ కూడా 1,500 నుంచి 2,000 దాకా ఇస్తుంది. సీసాలమీద గ్రాఫీన్ అని రాసి అమ్మేదాంట్లో చాలామటుకు పలచని గ్రాఫైటే.

ఎమ్‌క్సీన్ అని వింటున్నాం, అదేంటి?

2011లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గొగోట్సి, బర్సూమ్ బృందాలు కనిపెట్టిన పొరల పదార్థాల కుటుంబం. టైటానియం అల్యూమినియం కార్బైడ్‌లోంచి అల్యూమినియం పొరను ఆమ్లంతో కరిగించి తీసేస్తే టైటానియం కార్బైడ్ పొరలు మిగులుతాయి. లోహంలా కరెంటు పోనిస్తుంది, నీటిలో చక్కగా కలుస్తుంది. ఈ రెండు గుణాలూ ఒకేచోట దొరకడం అరుదు. ఆక్సిజన్ తగిలితే నెమ్మదిగా టైటానియం డయాక్సైడ్‌గా మారిపోతుంది, అదే దీని బలహీనత.

ఆ ఆమ్లం హైడ్రోఫ్లోరిక్. దాని గురించి గట్టిగానే చెప్పాలి. పలచని ద్రావణం చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, గంటల తర్వాత లోపలి కాల్షియంను లాగేస్తూ ఎముక దాకా వెళుతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేని ల్యాబ్‌లో ఈ పని మొదలుపెట్టకండి, గైడ్ ఏమన్నా సరే.

బంగారం దేనితోనూ చర్య జరపదు కదా, ఉత్ప్రేరకం ఎలా అయింది?

పెద్ద ముక్కగా ఉన్నంతవరకే అది నిజం. 1987లో జపాన్‌కు చెందిన మసతాకె హరుతా, ఆక్సైడ్ మీద కూర్చోబెట్టిన 5 నానోమీటర్ల లోపు బంగారు కణాలు కార్బన్ మోనాక్సైడ్‌ను సున్నా కంటే 70 డిగ్రీలు తక్కువ చలిలో కూడా కార్బన్ డయాక్సైడ్‌గా మార్చగలవని చూపాడు. సైజు పెరిగితే ఆ పని మందగిస్తుంది. కణం, దానికింది ఆక్సైడ్ కలిసే అంచు దగ్గరే ఎక్కువ చర్య జరుగుతుందని తర్వాత తేలింది, అందుకే టైటానియా మీద ఒకలా, సిలికా మీద ఒకలా ప్రవర్తిస్తుంది. బ్రిటన్‌కు చెందిన గ్రాహమ్ హచింగ్స్ అంతకుముందే, ఎసిటిలీన్ నుంచి వినైల్ క్లోరైడ్ తయారీకి బంగారం బాగా పనికొస్తుందని ఊహించి నిరూపించాడు. విషపూరితమైన పాదరసం ఉత్ప్రేరకానికి ఇప్పుడు అదే ప్రత్యామ్నాయం.

ప్లాటినం బదులు చవకది ఎందుకు దొరకడం లేదు?

ఉత్ప్రేరకం అణువును మరీ గట్టిగా పట్టుకోకూడదు, మరీ వదులుగానూ పట్టుకోకూడదు. పాల్ సబాటియే వందేళ్ల కిందట చెప్పిన సూత్రమిది. ఆమ్ల మాధ్యమంలో హైడ్రోజన్ విషయంలో ప్లాటినం ఆ మధ్య బిందువుకు దగ్గరగా ఉంది. నికెల్ లాంటివి ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాయి, పైగా ఆమ్లంలో కరిగిపోతాయి. కాబట్టి ప్రయత్నమంతా రెండు దారుల్లో సాగుతోంది. ఒకటి, ప్లాటినాన్నే పొదుపుగా వాడటం. హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయెల్ సెల్‌లో 2 నుంచి 5 నానోమీటర్ల కణాలుగా కార్బన్ మీద చల్లుతారు. 2011లో చైనాకు చెందిన ఝాంగ్ తావో బృందం ఐరన్ ఆక్సైడ్ మీద ప్లాటినాన్ని ఒక్కొక్క పరమాణువుగా నిలబెట్టింది, లోహంలో ఒక్క పరమాణువు కూడా లోపల వృథాగా ఉండిపోదు. రెండో దారి క్షార మాధ్యమానికి మారడం, అక్కడ నికెల్, ఇనుము తట్టుకుంటాయి. ఆమ్ల ఎలక్ట్రోలైజర్లకు (కరెంటుతో నీటిని విడగొట్టే పరికరాలకు) మాత్రం ఆక్సిజన్ వైపు ఇరిడియం తప్పడం లేదు, అది ప్లాటినం కంటే అరుదు.

ఉత్ప్రేరకాల ఫలితాల్లో ఎక్కడ మోసపోతాం?

ఈ ప్రశ్న ఇంకా ఎక్కువమంది అడగాలి. అందరికీ ఎదురయ్యే ఉచ్చులు మూడు.

ఒకటి, కౌంటర్ ఎలక్ట్రోడ్. కొత్త పదార్థం నీటి నుంచి హైడ్రోజన్ తీస్తుందా అని పరీక్షిస్తూ ఎదుట ప్లాటినం తీగ పెడతారు. గంటలకొద్దీ నడిపితే ఆ తీగ కొంచెం కొంచెంగా కరిగి, ద్రావణం గుండా వచ్చి, మన పదార్థం మీద పేరుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఉత్ప్రేరకం మెరుగవుతోందని సంబరపడతాం. మెరుగుపడేది ప్లాటినం పని. పరిష్కారం సులువు, గ్రాఫైట్ కడ్డీ పెట్టండి.

రెండోది, ద్రావణంలోని ఇనుము. మామూలు పొటాషియం హైడ్రాక్సైడ్‌లో అతిస్వల్పంగా ఇనుము ఉంటుంది. నికెల్ హైడ్రాక్సైడ్ ఆ ఇనుమును లాక్కుని ఆక్సిజన్ ఉత్పత్తిలో ఎన్నో రెట్లు చురుగ్గా మారుతుంది. నికెల్‌దే అనుకున్న ఘనత ఇనుముదని 2014లో వచ్చిన పరిశోధనలు స్పష్టం చేశాయి. శుద్ధి చేసిన ద్రావణంలో మళ్లీ పరీక్షిస్తే గానీ నిజం తేలదు.

మూడోది, నైట్రోజన్ నుంచి విద్యుత్తుతో అమ్మోనియా. ఉత్పత్తి చాలా తక్కువగా ఉంటుంది, గాలిలో, గ్లవుజుల మీద, పాత మెంబ్రేన్‌లో, మనిషి ఊపిరిలో ఉండే అమ్మోనియాతో సమానంగా. అందుకే నైట్రోజన్-15 ఐసోటోప్‌తో (మామూలు దానికంటే కాస్త బరువైన నైట్రోజన్) నిర్ధారించాలని 2019లో ఒక కఠినమైన పరీక్షా విధానం వచ్చింది. ఆ ఐసోటోప్ వాయువు సిలిండర్‌లోనే అమ్మోనియా కలిసి రావచ్చు కాబట్టి దాన్ని కూడా ముందు శుద్ధి చేయాలి.

ఉత్ప్రేరకం కొన్నాళ్లకు ఎందుకు పనిచేయడం మానేస్తుంది?

నూనెచుక్కలు నీటిమీద ఒకటిగా చేరినట్టు, వేడికి చిన్న కణాలు కదిలి కలిసిపోయి పెద్దవవుతాయి. ఉపరితలం తగ్గిపోతుంది. లేదంటే సల్ఫర్, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి పై పరమాణువులను గట్టిగా పట్టుకుని వదలవు. సేంద్రియ చర్యల్లో పైన మసి పేరుకుంటుంది, దాన్ని గాలిలో కాల్చి తిరిగి వాడొచ్చు. మొదటి రోజు వేగం కంటే వందో గంట వేగం చూపించే పేపర్‌ను నేను ఎక్కువ గౌరవిస్తాను.

గ్యాస్ సెన్సర్ వాయువును ఎలా పసిగడుతుంది?

వంటగ్యాస్ లీక్ అలారంలో సాధారణంగా ఉండేది టిన్ ఆక్సైడ్. జపాన్‌లో తగుచి 1960లలో దీన్ని అభివృద్ధి చేశాడు. లోపల చిన్న హీటర్ దాన్ని 200 నుంచి 400 డిగ్రీల వేడిలో ఉంచుతుంది. గాలిలోని ఆక్సిజన్ కణాల మీద అతుక్కుని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది, నిరోధం పెరుగుతుంది. మండే వాయువు వస్తే ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపి తీసుకుపోతుంది, ఎలక్ట్రాన్లు తిరిగి లోపలికి వస్తాయి, నిరోధం పడిపోతుంది. అలారం మోగుతుంది.

నానో ఇక్కడ ఎందుకంటే, ఎలక్ట్రాన్లు ఖాళీ అయ్యే పొర మందం సుమారు 3 నానోమీటర్లు. కణం 6 నానోమీటర్లకు చేరితే రెండువైపుల పొరలూ మధ్యలో కలిసిపోయి కణం మొత్తం వాయువు చెప్పుచేతల్లోకి వెళ్తుంది. యమజోయె బృందం 1991లో కొలిచి చూపింది, సరిగ్గా ఆ సైజు దగ్గర సున్నితత్వం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

మరి ఏ వాయువు వచ్చిందో దానికెలా తెలుస్తుంది?

తెలియదు. ఆల్కహాల్ ఆవిరి, హైడ్రోజన్, వంటగ్యాస్ అన్నీ దానికి ఒకటే. తేమ పెరిగినా రీడింగ్ మారుతుంది. పల్లాడియం కలపడం, ఉష్ణోగ్రత మార్చడం, ముందు ఫిల్టర్ పెట్టడం లాంటివి కొంత సాయపడతాయి. తేడా తేడాగా స్పందించే సెన్సర్లను పక్కపక్కన పెట్టి, ఆ సంకేతాల నమూనాను కంప్యూటర్‌తో గుర్తుపట్టించడం ఇంకో మార్గం. ఇక్కడ పెద్ద తలనొప్పి డ్రిఫ్ట్. నెలలు గడిచేకొద్దీ సెన్సర్ మూలరీడింగే జరిగిపోతుంది, నేర్పించిన నమూనా పాతబడిపోతుంది.

ర్యాపిడ్ టెస్ట్ కిట్‌లో వచ్చే ఎర్రగీత కూడా నానోనా?

చాలా కిట్లలో అవును. అవి సుమారు 40 నానోమీటర్ల బంగారు కణాలు, వాటికి యాంటీబాడీలు అతికించి ఉంటాయి. గీత దగ్గర పేరుకుంటే ఎరుపు కనిపిస్తుంది. గర్భనిర్ధారణ పరీక్షలోనూ ఇదే పద్ధతి. బంగారు కణాలు ఒకదానికొకటి దగ్గరగా చేరితే ఎరుపు నీలంగా మారుతుంది, దాని ఆధారంగా రంగు చూసి చెప్పే పరీక్షలు ఎన్నో వచ్చాయి. చిటికెడు ఉప్పు వేసినా అదే నీలం వస్తుంది, కాబట్టి నిజమైన నమూనాలో దీన్ని నమ్మే ముందు జాగ్రత్త.

నానోమోలార్ స్థాయిలో పట్టేస్తుందని రాస్తారు, అంటే గొప్ప సెన్సరేనా?

కానక్కర్లేదు. డిటెక్షన్ లిమిట్ అంటే ఖాళీ నమూనా రీడింగుల చెదురుకు మూడు రెట్లు తీసుకుని, గ్రాఫ్ వాలుతో భాగిస్తే వచ్చే అంకె. స్వచ్ఛమైన బఫర్‌లో (పీహెచ్ స్థిరంగా ఉంచే ద్రావణం) ఆ అంకె ఎంత చిన్నదైనా రావచ్చు. రక్తంలో యాస్కార్బిక్ ఆమ్లం, యూరిక్ ఆమ్లం, ప్రొటీన్లు ఉంటాయి. ఎంజైమ్ లేని గ్లూకోజ్ సెన్సర్లే చూడండి. రాగి, నికెల్ ఆక్సైడ్లు గ్లూకోజ్‌ను ఆక్సీకరించాలంటే గాఢమైన క్షారం కావాలి, పరీక్షలన్నీ పీహెచ్ 13 దగ్గర చేస్తారు. రక్తం పీహెచ్ 7.4. ఇంకో సంగతి, రక్తంలో గ్లూకోజ్ మిల్లీమోలార్‌లలో, అంటే నానోమోలార్‌కు పది లక్షల రెట్ల స్థాయిలో, ఉంటుంది. అక్కడ నానోమోలార్ సున్నితత్వంతో ఎవరికీ పనిలేదు.

ఎక్స్‌ఆర్‌డీ, టెమ్, బెట్: ఏది చేయించాలి?

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాల వివర్తనం) అన్నింటికంటే ముందు, ఏ పదార్థం వచ్చిందో అదే చెప్తుంది. దాని శిఖరాల వెడల్పు నుంచి షెరర్ సూత్రంతో వచ్చే సైజు స్ఫటికం సైజు, కణం సైజు కాకపోవచ్చు. టెమ్, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, అందమైన ఫొటోలు ఇస్తుంది గానీ చూసేది లేశమాత్రం నమూనా. మంచి మూల వెతికి తీసిన ఒక్క ఫొటో దేన్నీ రుజువు చేయదు, కనీసం వంద రెండు వందల కణాలు కొలిచి పంపిణీ గ్రాఫ్ వేయాలి. నమూనా పెట్టే రాగి గ్రిడ్ మీద తీసిన ఈడీఎక్స్‌లో (ఏ మూలకాలున్నాయో చూపే పరీక్ష) రాగి శిఖరం చూసి ఆశ్చర్యపోకండి. బెట్ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉపరితలం కొలుస్తుంది. నైట్రోజన్ దూరిన ప్రతి రంధ్రంలోకి ఎలక్ట్రోలైట్ అయాన్ దూరదు.

నానోపదార్థాలు ఒంటికి ప్రమాదమా?

అన్నింటినీ ఒకే గాటన కట్టలేం. ద్రవంలో ఉన్నవాటికంటే పొడిగా గాలిలో ఎగిరేవి ప్రమాదకరం. పొడవైన, బిరుసైన కార్బన్ నానోట్యూబ్‌లు ఊపిరితిత్తుల్లో ఆస్బెస్టాస్ నారల్లా ప్రవర్తించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2014లో వాటిలో ఒక రకాన్ని క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో చేర్చింది. టైటానియం డయాక్సైడ్‌ను ఆహారంలో కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2022లో నిషేధించింది. ల్యాబ్‌లో పాటించాల్సింది ఏంటంటే, పొడులను హుడ్‌లోనే తూచండి, తడి గుడ్డతో తుడవండి, చీపురు ముట్టుకోవద్దు, సింక్‌లో పారబోయొద్దు.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

రసాయనం, భౌతికం, మెటీరియల్స్ ఇంజినీరింగ్ ఏదైనా సరే. ఎలక్ట్రోకెమిస్ట్రీ పునాదులు గట్టిగా ఉంటే మిగతావి పనిలో పడి నేర్చుకోవచ్చు. చేరే ముందు ఆ ల్యాబ్‌లోని సీనియర్లను రెండు విషయాలు అడగండి. ప్రయోగం ఫెయిలైతే గైడ్ ఎలా స్పందిస్తారు? టెమ్ స్లాట్ కోసం ఎన్నాళ్లు ఆగాలి? కొన్నిచోట్ల ఆ ఎదురుచూపులోనే సెమిస్టర్ గడిచిపోతుంది, టెన్షన్ అంతా మన నెత్తిమీద పడుతుంది.

ఇంట్లో చేసి చూడొచ్చా?

కొవ్వొత్తి మంట మీద గాజు పలక ఆడించి తీసిన మసిలో కార్బన్ నానోకణాలు ఉంటాయి, అంతవరకు చాలు. వీడియోల్లో చూపించే గ్రాఫైట్ ఆక్సైడ్ తయారీ మాత్రం వద్దు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొటాషియం పర్మాంగనేట్ వేసినప్పుడు వచ్చే మాంగనీస్ హెప్టాక్సైడ్ 55 డిగ్రీలు దాటితే పేలుతుంది. ల్యాబ్‌లో మంచు తొట్టిలో పెట్టి, చిటికెడు చిటికెడుగా, థర్మామీటర్ మీద నుంచి కన్ను తీయకుండా వేస్తారు. వంటింట్లో అదంతా కుదరదు.